సముద్రంలో చుక్క

జహీరాబాద్

ప్రియమైన రామ్‌కిషన్‌కు,

ఫోన్లో నీకు వినపడదు, అరిచే ఓపిక నాకు లేదు, కాబట్టి ఉత్తరం. గుండె ఆపరేషన్‌కు పోర్ట్‌బ్లెయిర్ నుంచి హైదరాబాద్ పొమ్మన్నారని, విమానమంటే నువ్వు వణికిపోతున్నావని నీ మనవరాలు రుచిత మా ఆవిడ శరణమ్మతో చెప్పి ఏడ్చిందట.

అల్లం లారీ మీద ఇద్దరం ముంబై పోయిన రోజుల్లో ఘాట్‌లో బ్రేకులు పోతే నవ్విన డ్రైవరువి నువ్వు. (ఆ పూట తిన్న మిరపకాయ బజ్జీల సంగతి వేరే రాస్తాను, అదో పెద్ద కథ.)

గోడ మీది పటంపై దారం పెట్టి కొలిచాను. పదహారు వందల యాభై కిలోమీటర్లు. ముంబై పోయి, తిరిగొచ్చి, మళ్ళీ పుణె చేరినంత. నడుమ సముద్రంలో ఓ చుక్క ఉంది, దీవి. అక్కడ దింపి ఇంజను చల్లారుస్తారు. ఆపకుండా ఏ బండైనా అంత దూరం పోతుందా? ధైర్యంగా ఎక్కు.

ఎదురుచూసే
రేవణసిద్ధప్ప

*

పోర్ట్‌బ్లెయిర్

రేవణ్ణకు,

నీ దీవిని నమ్మి విమానాశ్రయం దాకా పోయాను. కౌంటర్లో పిల్లను అడిగాను: "బిడ్డా, నడుమల దీవి మీద ఎంతసేపు ఆపుతరు?" ఆమె నవ్వలేదు, జాలిగా చూసింది. దాంతోనే దీవి లేదని తెలిసింది. ఎక్కడా ఆపరట. కింద అన్నీ నీళ్ళేనట. అక్కడే కూర్చుండిపోతే ఇంటికి తెచ్చేశారు.

రెండు మెట్లెక్కితే ఊపిరి అందడం లేదు. ఓడలో పోతానంటే డాక్టర్లు ఒప్పుకోలేదు, ఆలస్యం చేస్తే దక్కనన్నారు. రుచిత తోడొస్తానంటోంది. అదే ఇంకా భయం. ఆ నీళ్ళల్లో పడితే పిల్ల కూడా నాతోనే పోతుంది. టికెట్లు వాపసు ఇమ్మన్నాను. ఇక్కడే ఉంటా.

ఇంకేం రాయలేని
రామ్‌కిషన్

*

విమానంలో, ఎక్కడో తెలియదు

ఓరి రామ్‌కిషన్,

ఈ ఉత్తరం పోస్టులో వేయను, నీ చేతికే ఇస్తాను.

నీ ఉత్తరం వచ్చాక మళ్ళీ పటం ముందు నిలబడ్డాను. శరణమ్మ తడిగుడ్డతో గోడ తుడుస్తూ పటం కూడా తుడిచింది. దీవి పోయింది. ఈగ పెట్టిన చుక్క అది. నా మొహం చూసి, "నువ్వు ఎన్నడన్న ఎక్కినవా? ఇంట్ల కూసొని ఆయనకు ధైర్యం చెప్తున్నవ్," అంది. ఆ పూటే పోయి పోర్ట్‌బ్లెయిర్‌కు అడిగాను. టికెట్ దొరికింది.

రామ్‌కిషన్, ఇది అన్యాయమైన బండి. హారను వినపడదు, డ్రైవరు కనపడడు, దిగి టైర్లు చూసుకుందామంటే ఎవరూ ఒప్పుకోవడం లేదు. కిటికీలోంచి ఒకసారి చూశాను. నువ్వు భయపడ్డదాంట్లో తప్పేమీ లేదు. అంతకంటే ఎక్కువే ఉంది.

వాపసు ప్రయాణానికి మనిద్దరికే సీట్లు చెప్పాను. రుచిత వెనక విమానంలో వస్తుంది. పడితే ముసలోళ్ళమే పడతాం.

కుడిచేత్తో ఇది రాస్తున్నాను. ఎడమచెయ్యి పక్కన కూర్చున్న పెద్దమనిషి చేతిని పట్టుకుంది. వదలమని రెండుసార్లు మర్యాదగా అడిగాడు. నా వల్ల కావడం లేదు. వచ్చేటప్పుడు ఆ సీట్లో నువ్వు కూర్చోవాలి. ఒక్కణ్ణి నేను తిరిగి రాలేను.

నీ
రేవణసిద్ధప్ప