పెద్దావిడను తియ్యను

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ అత్తయ్యా కులాసా. ఓడలో మీరూ కులాసాగానే ఉన్నారని అనుకుంటాను. మీ ఉత్తరం వచ్చినప్పటినుంచీ తగ్గనిది నా కోపం ఒక్కటే.

ముందు మీరడిగినవాటికి జవాబులు. నీళ్ళ మోటారు బాగుచేయించాను. అత్తయ్యకు కొత్త కళ్ళజోడు వచ్చింది. అయినా పాతదే పెట్టుకుంటున్నారు. కొత్తదాంట్లో నా మొహం మరీ స్పష్టంగా కనిపిస్తోందట!

ఇక మన నవల సంగతి. ముప్పై ఏళ్ళ దగ్గర వయసును ఆపేసే మందు అన్న ఆలోచన మీది. అది ఒంట్లో ఎలా పనిచేస్తుందో ఇంజను గదిలో కూర్చుని పేజీలకు పేజీలు రాసి పంపిందీ మీరే. మనుషుల్ని పెట్టింది నేను. నిన్న ప్రచురణకర్తగారి ఆఫీసుకు వెళ్ళాను. కుర్చీ మీది ప్రూఫు కట్టలు కింద పెట్టి కూర్చోమన్నారు. "ఐడియా అద్భుతం అమ్మా. మందు వద్దనే ఆ పెద్దావిడే అడ్డం పడుతోంది. ఆవిణ్ణి తీసేసి ఆఖరి అధ్యాయం రాసివ్వండి, వెంటనే అచ్చుకిచ్చేస్తాను" అన్నారు. మీరూ ఉత్తరంలో అదే పాట పాడారు కదా, "లోకమంతా ఎగబడుతుంటే ఒకావిడ వద్దంటుందా? ఎవరూ అలా మాట్లాడరు" అని!

ఇంతవరకూ మీకు చెప్పని మాట ఒకటుంది. ఆవిడ నా కల్పన కాదు. మొదటి అధ్యాయం రాయగానే అత్తయ్యకు చదివి వినిపించాను. దిండు గలేబుకు బొత్తాం కుడుతూ విన్నారు. అత్తాకోడళ్ళు ఒకే ఈడువాళ్ళలా కనబడి, కొట్టువాడు "అక్కచెల్లెళ్ళా?" అని అడిగేచోట పడీపడీ నవ్వారు. "మీరైతే తాగుతారా అత్తయ్యా?" అన్నాను. దారం కొరికి, "నాకొద్దే తల్లీ. అందరూ ముప్పై దగ్గరే ఆగిపోతే, భయమేసిన పిల్ల ఎవరి ఒళ్ళో దూరుతుంది? నానమ్మా అని పిలవడానికి ఒక్క ముసలి మొహమైనా ఉండొద్దూ?" అన్నారు. అక్షరం మార్చకుండా అదే రాశాను. కన్నతల్లి మాటే మీకు నమ్మబుద్ధి కాలేదా?

మీ ఆలోచన చిన్నదని నేననడం లేదు. కానీ దానికి ఎదురుచెప్పే మనిషి లేకపోతే అది సీసా మీద అంటించిన కాగితమే, కథ కాదు. అందుకే నిన్న ఆ ఆఫీసునుంచి రాతప్రతి సంచిలో పెట్టుకుని లేచొచ్చేశాను. అవును, మిమ్మల్ని అడక్కుండానే. తిట్టదలిస్తే తిట్టండి. మీ పేరు తీసేయమన్నా తీసేస్తాను. ఆవిణ్ణి మాత్రం తియ్యను.

అత్తయ్యకు చెబితే, "నన్ను తీసేయమన్నది నా కొడుకేనా? రానీ వాణ్ణి!" అన్నారు. కొత్త కళ్ళజోడు పెట్టుకుని, కాగితాలు లాక్కుని మొదటినుంచీ చదువుతున్నారు. ఇందాకే తలెత్తి, "చివరికి ఈవిడేమవుతుందే?" అని అడిగారు. అది నేనింకా రాయలేదు. మందు తాగని ఒంటికి ఏమవుతుందో తెలిసినవారు మీరు. కాబట్టి ఆ ఆఖరి అధ్యాయం మీరే రాయండి. మీ అమ్మ మొహం తలుచుకుంటూ రాయండి. అప్పుడు కూడా ఆవిడ అడ్డమనిపిస్తే నాకు చెప్పండి.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు