ఊడిపోవలసిన కుట్టు

ఎమ్మిగనూరు,
సోమవారం

ప్రియమైన మా ఇంటాయనకు,

రొట్టెల డబ్బాలో ఉత్తరం పెట్టానని నవ్వకు. నీ ఫోన్‌లో స్పీకర్ తప్ప ఏదీ పనిచేయదు. నేను ఏడిస్తే ఆదోని మిల్లులో నీతో ఉన్న కూలీలందరూ వింటారు. అందుకే రాస్తున్నాను. బస్సు కండక్టరు డబ్బా ఎలాగూ తెచ్చిస్తాడు.

మొన్న షెడ్డు మీద సిమెంటు రేకు విరిగి నీతో పనిచేసే తిక్కయ్య పడ్డాడని, ఒంటికి తగిలించుకున్న తాడు బెల్టుకు వేలాడి బతికాడని ఫోన్‌లో ఏదో కథలాగా చెప్పావు. అప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు. మా అన్న సుబ్బన్న అలాంటి కప్పు మీది నుంచి పడే కదా మంచం పట్టింది. రోజూ ఆయన్ను పక్కకు తిప్పేది నేను. తిప్పినప్పుడల్లా ఆ మంచంలో నువ్వే కనిపిస్తున్నావు. ఒళ్లు ఒరుసుకుంటుందని బెల్టు తీసి పక్కన పెడతావు, నాకు తెలుసు. పెట్టుకో. కొక్కెం తగిలించకుండా అడుగు వేయకు.

నీ కోసం చూసే
సరస్వతి


ఆదోని,
బుధవారం

ప్రియమైన సరసూ,

తిక్కయ్యను కాపాడిన ఆ బెల్టునే మేస్త్రి నాకిచ్చాడు. ఇక నిద్రపో. దానికున్న మర్యాద ఇప్పుడు మాలో ఎవరికీ లేదు. పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాం. "అది దేవుడి బెల్టప్పా. ఒగసారి కాపాడింది, మళ్లా కాపాడకుండా యాడికి పోతాది?" అన్నాడు మేస్త్రి. అందరికీ అదే కావాలి.

ఒకటే చిక్కు. తాడు మొదట్లో మడిచి కుట్టిన పట్టీ ఒకటి ఊడిపోయి పొడుగ్గా వేలాడుతోంది, కాళ్లకు అడ్డం పడుతోంది. సంచిలో పంపుతున్నాను. ముందున్నట్టే మడిచి కుట్టు. ఎడమ భుజం దగ్గర మెత్తటి గుడ్డ కూడా వెయ్యి. ఆ చెయ్యి ఎత్తలేకపోతున్నాను, వాతమేమో. శనివారం షెడ్డు నడినెత్తిన కొప్పు రేకులు మార్చాలి.

డబ్బా మీద ఈసారైనా నా పేరు రాయి. 'మిల్లు షెడ్డాయనకు' అని చూసి కండక్టరు నవ్వుతున్నాడు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందంటావు, రాస్తే కూడా తగ్గుతుందా?

నీ
ఉచ్చీరప్ప


ఎమ్మిగనూరు,
శుక్రవారం

ప్రియమైన ఇంటాయనకు,

మిషను మీద పెట్టే ముందు బెల్టుకు దండం పెట్టుకున్నాను. జీన్స్ ప్యాంట్లకు వాడే దారంతో రెండు వరసలు వేసి, అడ్డంగా ఇంకొకటి వేశాను. ఏనుగు లాగినా ఊడదు. భుజానికి నీ పాత లుంగీ మడిచి పెట్టాను. నొప్పి నూనె రొట్టెల డబ్బా పక్కన ఉంది.

ఈ వారంలో ఈ రోజే కడుపునిండా తిన్నాను. పేరు మాత్రం రాయను. కండక్టరు నవ్వితే నవ్వనీ.

సరస్వతి


మిల్లు గేటు దగ్గర,
శనివారం

ఉచ్చీరప్పా,

కదలకు. ఎక్కడున్నావో అక్కడే గట్టిగా పట్టుకుని కూర్చో. ఆ బెల్టును నమ్మకు.

పక్కింటి రూత్ మొగుడు జోయల్ సెల్ టవర్లు ఎక్కుతాడు కదా. పొద్దున ఆయనకు నా కుట్టు గురించి గొప్పగా చెప్పాను. "ఎంత పని చేసినావమ్మా. ఆ మడత ఊడేదానికే పెట్టింటారు. పడినప్పుడు అది ఊడుతాంటే మనిషి మెల్లగా ఆగుతాడు. నీ కుట్టుకు అది ఊడదు. తాడన్నా తెగుతాది, నడుమన్నా ఇరుగుతాది. ఒగసారి మనిషి పడిన బెల్టును పారేయాల" అన్నాడు.

మీ ఫోన్లన్నీ మేస్త్రి దగ్గర పెట్టారేమో, ఎవరూ ఎత్తడం లేదు. అన్నను రూత్‌కు అప్పగించి బస్సెక్కాను. వాచ్‌మన్ లోపలికి రానివ్వడం లేదు. పేరు చెబితే చీటీ పైకి పంపిస్తానన్నాడు. చెప్పాను. నీ ఆయుష్షు నా కుట్టులోనే పోయేలా ఉంది, ఇంక పేరుదేముంది. బతికి దిగు.

సరస్వతి


అదే కాగితం వెనక

ప్రియమైన సరసూ,

నీళ్ల సీసాల బకెట్‌లో నీ చీటీ పైకి వచ్చింది. రేకులకు గీతలు గీసే పెన్సిల్‌తో రాస్తున్నాను, ఇదే బకెట్‌లో కిందికి పంపుతాను. నేను కొప్పు మీద ఉన్నాను. ఒంటి మీద ఉన్నది ఆ బెల్టే. చదివినప్పటి నుంచి కదలకుండా కూర్చున్నాను. తిక్కయ్య వేరే బెల్టు, చెక్క పలకలు తెస్తున్నాడు. పలకల మీద పాకి నిచ్చెన దాకా రావాలి.

వచ్చేలోగా ఒక మాట. ఆ రోజు పడింది తిక్కయ్య కాదు, నేను. నీ గొంతు వినగానే నిజం నోట రాలేదు, పక్కనున్న వాడి పేరు చెప్పేశాను. భుజానికి వాతమూ లేదు, ఏమీ లేదు. పడినప్పుడు బెల్టు పట్టీ కోసిన గాయం. వేలాడినప్పుడు కింద నేల కనిపించింది సరసూ. కళ్లు మూస్తే ఇప్పటికీ అదే. దేవుడి బెల్టని వాళ్లంటే నేనూ నమ్మాను. నమ్మకపోతే మళ్లీ ఎక్కేవాణ్ని కాదు.

కొత్త బెల్టులు వచ్చి, రేకుల కింద వల కట్టేదాకా ఎక్కేది లేదని మేస్త్రికి అరిచి చెప్పాను. తిక్కయ్య కూడా అదే చెప్పాడు.

అతను పలకలు పరుస్తున్నాడు. నాకు కిందికి చూడాలంటే భయం, ఏ పక్కకు పాకాలో తెలియడం లేదు. నిచ్చెన గేటు వైపే ఉంది. నా పేరు ఎలాగూ ఒకసారి పలికావు. ఇంకోసారి గట్టిగా పిలువు. నీ గొంతు వచ్చే వైపుకు వస్తాను.

నీ
ఉచ్చీరప్ప