అమ్మ వేసిన ముడి

నవంబర్ 4
అమ్మ పోయి ఏడో రోజు. ఇల్లంతా మైల. దేవుడి గది మూసే ఉంది. నా హ్యాండ్‌బ్యాగు మేకుకి వేలాడుతోంది — అటు చూడటం లేదు. చూడనంత మాత్రాన అందులో ఉన్నది ఎక్కడికి పోతుంది...

నవంబర్ 5
పరామర్శకి వచ్చినవాళ్లందరికీ నాన్న ఒకటే మాట. "నిర్మాల్యం నోట్లో పడ్డాకే ఎల్లిపోనాది. నా కూతురే ఏసింది. ఇంకేటి బయం?" అది చెప్పాకే నాలుగు ముద్దలు తింటున్నారు. నేను తల ఊపుతున్నాను.
వెయ్యలేదు. ఇక్కడైనా రాయాలి కదా — వెయ్యలేదు.

నవంబర్ 6
నిర్మాల్యమంటే పూరీ మహాప్రసాదం, ఎండిన మెతుకులు. ఎర్రగుడ్డలో పోసి, మూడు ముళ్లు వేసి, అమ్మే నా చేతికిచ్చింది. "ఆఖరి గడియలో నా నోట్లో ఎయ్యి. మర్సిపోకే."
మరిచిపోలేదు. ఐసీయూలో మంచం పక్కనే నిలబడ్డాను, మూట బ్యాగులో. తీస్తే అమ్మ పోతోందని ఒప్పుకున్నట్టే. సాయంత్రం మళ్లీ వస్తాను కదా, అప్పుడు చూద్దాం అనుకున్నాను. నర్సు టైమైపోయిందంది. బయట బెంచీ మీద నాన్నకి టీ ఇస్తుంటే పిలుపు... వెళ్లేసరికే అమ్మ లేదు. బయటికి వచ్చాక నాన్న అడిగారు, "ఏసినావా తల్లీ?" ఆ ముఖం చూసి అవునన్నాను.
పిరికిదాన్ని. రెండుసార్లు పిరికిదాన్ని.

నవంబర్ 7
పదో రోజు. కాకి వెంటనే పిండం ముట్టింది. నాన్న కళ్లు తుడుచుకున్నారు, తృప్తిగా. అంత ఆత్రంగా ముట్టిందేం? నోట్లో ఏమీ పడక, దారిలో అమ్మ ఆకలితో ఉందా?

నవంబర్ 8
పక్కింటి ఒడియా మౌసీకి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "పాగళీ! పిచ్చిదానా! మెతుకు పడిందా లేదా అని జగన్నాథుడు నోరు తెరిసి సూస్తాడేటి? మీ అమ్మ నీ సెయ్యి పట్టుకుంది కదా?"
పట్టుకుంది. గట్టిగానే.
మధ్యాహ్నం గంటసేపు నిద్రపట్టింది. లేవగానే మళ్లీ భయం.

నవంబర్ 14
మళ్లీ డ్యూటీకి, స్కూలుకి వెళ్లాను. దిగపహండి బస్సులో బ్యాగు ఒళ్లో పెట్టుకుని, దారంతా జగన్నాథా, జగన్నాథా. "అవసరానికే నీకు దేవుడు" అనేది అమ్మ. నిజమే. కానీ పిలుస్తున్నంతసేపూ ఊపిరి ఆడుతోంది.

నవంబర్ 17
నాన్నకి గుండెల్లో బరువుగా ఉందట. డాక్టరు మందులు రాశాడు. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా — "నిర్మాల్యం మిగిలిందా? నాకుంచు తల్లీ. ఏదీ, ఓపాలి సూపించు."
రేపు చూపిస్తానన్నాను. విప్పని ముళ్లు చూస్తే తెలిసిపోతుంది. కొత్త గుడ్డలో కట్టేస్తేనో? కత్తెర దాకా వెళ్లాను. చెయ్యి రాలేదు.

నవంబర్ 18
ఇచ్చేశాను.
అటూ ఇటూ తిప్పి చూశారు. బొటనవేలు ముడి మీద ఆగింది.
"మీ అమ్మ ముడి."
కాఫీ చల్లారిపోయింది. ఏడుస్తూ అన్నీ చెప్పాను. విన్నారో లేదో... మూట నా చేతిలోనే పెట్టి, వేళ్లు మూశారు.
"నా ఏళకి మాత్రం బయపడకమ్మా."

నవంబర్ 19
పొద్దున్న ఎవరో పలకరించడానికి వచ్చారు. నాన్న నిర్మాల్యం మాట ఎత్తలేదు. అన్నం సగంలోనే లేచిపోయారు.
మూట మళ్లీ నా బ్యాగులో. ఒక ముడి విప్పాను. మిగతా రెండూ వదులు చేసి ఉంచాను.