రెండంతస్తుల భూమి

ప్రియమైన గులకరాయికి,

ఫోన్ చేయొచ్చు కదా అని మీ పెద్దమ్మ నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. ఫోన్‌లో అన్న మాటను కొట్టేసి మళ్ళీ రాసుకోవడానికి ఉండదు. కొట్టివేతలు లేకుండా నాకు మాట్లాడటం రాదు. పైగా నీకు చదవడం వచ్చిందే నా ఉత్తరాలతో. నేను రాళ్ళ కోసం కొండలు పట్టుకు తిరుగుతుంటే, నువ్వు గుమ్మంలో కూర్చుని వాటిని కూడబలుక్కుని చదివేదానివట.

సంగతేమిటంటే, నా పాఠ్యపుస్తకం మళ్ళీ అచ్చు వేస్తారట. కాలేజీ వదిలి ఇన్నేళ్ళయినా దాన్ని అడిగేవాళ్ళున్నారంటే కొంచెం గర్వంగానే ఉంది. ఇప్పుడు ఏడో అధ్యాయం ముందేసుకున్నాను. భూమి పైపెంకుకీ, నడుమనున్న ఇనుప గోళానికీ మధ్య ఉండే మాంటిల్‌లో వేడి ఎలా తిరుగుతుందన్నది. పాలగిన్నెతోనే మొదలుపెట్టాను. అడుగున కాగిన పాలు ఉబ్బి, తేలికై పైకొస్తాయి. పైన చల్లారినవి బరువెక్కి కిందికి దిగుతాయి. మాంటిల్ రాయీ అంతే. కాకపోతే అది గట్టిగా ఉంటూనే, గోరు పెరిగేంత నెమ్మదిగా పారుతుంది.

ఆ తర్వాత నా రెండంతస్తుల ఇల్లు వస్తుంది. ఆరువందల అరవై కిలోమీటర్ల లోతున రాయి స్వభావం మారిపోతుంది, అక్కడొక అడ్డు ఉంది. పై అంతస్తు రాయి పైనే తిరుగుతుంది, కింది అంతస్తుది కిందే. మధ్యలో మెట్లు లేవు. ముప్ఫై ఏళ్ళుగా నేను చెబుతున్నది ఇదే కదా. భూకంప తరంగాలతో నువ్వు గీస్తున్న లోపలి బొమ్మ పూర్తికాగానే పంపు. నేను చేత్తో గీసిన బొమ్మ పక్కన నీది అచ్చులో చూసుకోవాలని ఉంది.

వేళకు తింటున్నావా అని పెద్దమ్మ అడుగుతోంది. అవునని రాసెయ్, గొడవుండదు.

ఆశీస్సులతో
నీ పెదనాన్న

*

ప్రియమైన పెదనాన్నకు,

వేళకు తింటున్నాను. ఈ వాక్యాన్ని పెద్దమ్మకు గట్టిగా చదివి వినిపించండి.

పుస్తకం కబురు చాలా సంతోషంగా ఉంది. ఇక్కడ వానలు. మా ఆఫీసు పైకప్పు సరిగ్గా నా బల్ల మీదే కారుతోంది. కంప్యూటర్‌ని పక్కకు జరిపి ఆ చోట బకెట్ పెట్టాను. ఇప్పుడు ఎవరొచ్చినా నన్ను కాదు, బకెట్‌ని పలకరిస్తున్నారు. నేనుంటున్న ఇంట్లో పక్క గదాయన వయొలిన్ నేర్చుకుంటున్నాడు. ఒక్కటే వరస, రోజూ అదే చోట తప్పు. నిన్న ఆ తప్పు రాకపోయేసరికి నాకే ఏమీ తోచలేదు. బట్టలారేసే తీగ తెగి, ఉతికినవన్నీ మళ్ళీ ఉతుక్కున్నాను. ఈ పేజీ వెనక ఆ తీగ కథంతా రాశాను, తీరిగ్గా చదవండి.

బొమ్మ ఇంకా తేలలేదు. లెక్కలు నడుస్తున్నాయి. నా కోసం పుస్తకం ఆపకండి. లేదా కొన్నాళ్ళు ఆపండి. మీ ఇష్టం.

ప్రేమతో
మీ గులకరాయి

*

ప్రియమైన గులకరాయికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బకెట్‌కి ఒక పేజీ, తీగకి ఒక పేజీ, భూమికి రెండు ముక్కలు. చిన్నప్పటి నుంచీ ఇంతే. నీకు అబద్ధం ఆడటం రాదు, మాట మార్చడం వచ్చు. నా భూతద్దం పగలగొట్టిన రోజున మబ్బుల గురించి ఎంతసేపు మాట్లాడావో నాకింకా గుర్తుంది.

నీకెవరో నచ్చాడని మీ పెద్దమ్మ తేల్చేసింది. "ఆ వయొలిన్ అబ్బాయే అయ్యుంటాడు, ఊరికే రాస్తుందా అతని గురించి" అంటోంది. నీ ఉద్యోగం పోయిందేమోనని నా అనుమానం. ఎవరిది నిజమో చెప్పు. ఏదైనా పర్వాలేదు. మీ నాన్న పోయినప్పుడు నిన్ను భుజాన వేసుకుని ఈ ఇంటికి తెచ్చాను. నువ్వు చెప్పేది ఏదైనా సరే వినగలగాలని ఆ దారిలోనే అనుకున్నాను.

ఎదురుచూస్తూ
పెదనాన్న

*

ప్రియమైన పెదనాన్నకు,

ఇద్దరిదీ తప్పే. ఉద్యోగం ఉంది. వయొలిన్ అబ్బాయికి మనవలున్నారని పెద్దమ్మకు చెప్పండి.

బొమ్మ ఎప్పుడో తేలింది. మీకు పంపడానికే చెయ్యి రాలేదు. ఇప్పుడు, మా యంత్రాలున్న కేంద్రాల పటంతో సహా, దీంతో పెడుతున్నాను.

డాక్టరు మనిషిని కోయకుండా స్కాన్‌తో లోపలికి చూసినట్టు, మేము భూకంపాలతో చూస్తాం. తరంగం చల్లటి రాయిలో త్వరగా వస్తుంది, వేడి రాయిలో ఆలస్యమవుతుంది. ఎన్నో భూకంపాల తరంగాలు ఏ కేంద్రానికి ఎప్పుడు చేరాయో కలిపి చూస్తే లోపల చల్లటి చోట్లు నీలంగా, వేడి చోట్లు ఎర్రగా తేలతాయి. ఇవన్నీ మీరే నాకు చెప్పారు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే అసలు మాట దగ్గరికి ఇలా నడుచుకుంటూ రావడమే తేలిగ్గా ఉంది.

సముద్రం అడుగునున్న నేల మరో నేల కిందికి దూరే చోట, నీలి పట్టీ ఒకటి ఏటవాలుగా దిగింది. మీ లెక్క ప్రకారం అది ఆరువందల అరవై దగ్గర ఆగాలి. ఆగలేదు. అక్కడ కాస్త వంగింది, కాస్త లావెక్కింది, అంతే. కిందికి వెళ్ళిపోయింది. దాన్ని చూస్తే పైనా కిందా అంతా ఒకటే ఇల్లనిపిస్తోంది, పెదనాన్నా.

మూడుసార్లు మొదటి నుంచి చేశాను. మీ వైపు నిలబడే చేశాను, ఎక్కడైనా నా తప్పు దొరికితే బాగుండునని. దొరకలేదు. దీన్ని సదస్సులో నన్నే చెప్పమని మా మేడం అంటున్నారు. అక్కడికొచ్చే వాళ్ళందరూ మీ పుస్తకం చదువుకున్నవాళ్ళే. వాళ్ళ ముందు, మీ ఇంటిపేరుతో, ఈ మాట నేనే చెప్పాలి.

తిట్టండి. కానీ రాయండి.

మీ గులకరాయి

*

ప్రియమైన పెదనాన్నకు,

ఇది మీ జవాబు రాకుండానే రాస్తున్న మూడో ఉత్తరం. వానలు పోయి ఎండలొచ్చాయి. పెద్దమ్మకు ఫోన్ చేస్తే, "ఊళ్ళో లేరమ్మా, బాగానే ఉన్నారు, నన్నేమీ అడక్కు" అని పెట్టేసింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి అలా పెట్టేస్తే నాకు భయం వేయదా?

నేనొక నిర్ణయానికొచ్చాను. సదస్సు పత్రం మీద నా పేరు తీసేయమని మేడంకి చెప్పాను. ఫలితం ఎక్కడికీ పోదు, వేరే ఎవరైనా చెబుతారు. మిమ్మల్ని పోగొట్టుకుని నేను నెగ్గే సదస్సు నాకొద్దు. ఇప్పుడైనా రాయండి.

మీ గులకరాయి

*

గులకరాయికి,

నువ్వు రాసింది చూసి నాకు కోపం వచ్చింది. నా మాట తప్పని తేల్చినందుకు కాదు. పేరు తీసేయమన్నందుకు. ఈ ఉత్తరం చదవడం ఆపి, ముందు వెళ్ళి ఆ పేరు పెట్టించు. తర్వాత మిగతాది చదువు.

పెట్టించావు కదా. ఇక విను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషినే, ఒప్పుకుంటాను. కానీ కుందేలు ఎదురుగా వచ్చి నిలబడితే కాళ్ళు లెక్కపెట్టకుండా కళ్ళు మూసుకునేవాణ్ణి కాదు. నీ కేంద్రాల పటం చూశాను. దక్షిణం వైపంతా సముద్రం, అక్కడ నీకు ఒక్క యంత్రమూ లేదు. తరంగాలన్నీ ఇంచుమించు ఒకే వైపు నుంచి వస్తే, తడి కాగితం మీద సిరా సాగినట్టు రంగు ఆ దారి వెంట సాగిపోతుంది. నీ పట్టీ నిజంగా దిగిందో, నీలం ఊరికే సాగిందో ఇప్పుడున్న లెక్కలతో నువ్వు చెప్పలేవు. సదస్సులో మొదటి ప్రశ్న ఇదే వస్తుంది. నేనుంటే ఇదే అడుగుతాను.

దీంతో ఒక కట్ట పంపుతున్నాను. దక్షిణాన దీవుల్లో ఒకప్పుడు నడిచిన యంత్రాల రికార్డుల్లోంచి తీసిన, తరంగాలు చేరిన వేళలు. కంప్యూటర్లు రాకముందువి, ఎవరి దగ్గరా లేవు. ఎక్కడివని అడగకు. వేసి చూడు. ఏ బొమ్మ వస్తే ఆ బొమ్మ చూపించు. లెక్క చేసేటప్పుడు నా వైపే కాదు, ఎవరి వైపూ నిలబడకు.

పెదనాన్న

*

ప్రియమైన పెదనాన్నకు,

సదస్సు నుంచి ఇప్పుడే గదికి వచ్చాను. చెప్పులు కూడా విప్పకుండా రాస్తున్నాను.

మీ వేళలు వేశాక బొమ్మ తేటపడింది. సాగిన రంగు కొంత ఉన్న మాట నిజమే, అది పోయింది. పట్టీ సన్నబడింది, కానీ తెగలేదు. ఇనుప గోళం దాకా కాకపోయినా, దానికి దగ్గర దాకా దిగింది. అయితే తూర్పు మూల ఇంకో పట్టీ ఉంది. అది మీరు చెప్పిన అడ్డు మీదే అడ్డంగా పడుకుని ఉంది. అక్కడ ఎందుకు ఆగిందో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

మొదటి ప్రశ్న మీరన్నదే వచ్చింది. మీ వేళలతో వచ్చిన బొమ్మ చూపించి జవాబు చెప్పాను.

అంతా అయ్యాక వెనక వరసలోంచి ఒక పొడుగాటి పెద్దాయన కర్ర తాటించుకుంటూ వచ్చి, "నువ్వేనా గులకరాయివి? నేను గడ్డపారని" అన్నారు. మన ఇంట్లో ఆ పేరు వినబడితే మీరు లేచి తలుపు వేసుకునేవారు.

ఆయనే చెప్పారు. "ఇరవై ఏళ్ళయింది మేం మాట్లాడుకుని. ఒకరోజు పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా మీ పెదనాన్న, చేతిలో సంచి. 'లోపలికి రమ్మంటావా, ఇక్కడే ఓడిపోమంటావా' అన్నాడమ్మా." మీరు అక్కడే ఉండిపోయి, ఆయన దాచుకున్న ఆ పాత యంత్రాల కాగితం చుట్టలన్నీ ఆయనతో కలిసి చదివారట.

మీరు నాకెందుకు చెప్పలేదు? అంతకాలం మీరు నన్ను వద్దనుకున్నారని అనుకున్నాను.

మీ గులకరాయి

*

ప్రియమైన గులకరాయికి,

నిన్ను వద్దనుకోవడమేమిటే పిచ్చిదానా? ముందే చెబితే, పెదనాన్న కష్టపడి చదివి తీసినవని నువ్వు ఆ వేళలను మెత్తగా చూసేదానివి. అందుకే చెప్పలేదు. పెద్దమ్మ చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. పాపం, తన జన్మలో అంత కష్టం పడలేదట.

బొమ్మ సంగతి రాసిన నీ ఉత్తరం అందిన రోజు నాకు బాధే వేసింది. నీ దగ్గర దాచను. పార్కులో బెంచీ మీద కూర్చుని, నువ్వు ఎక్కడ తప్పు చేశావో వెతికాను. దక్షిణం వైపు లోటు దొరికింది. దొరికినందుకు సంతోషించాను కూడా. కాసేపటికి, ఆ లోటు పూడ్చగలిగినవాడు, ఆ దీవుల్లో యంత్రాలు నడిపిన గడ్డపార ఒక్కడే ఉన్నాడని గుర్తొచ్చింది. భూమి అంతా ఒకే ఇల్లని ఎప్పుడో చెప్పినవాడు వాడే. వాడు అన్నందుకే నేను కాదన్న రోజులూ ఉన్నాయి. ఒకే గదిలో ఉండి చదువుకున్నవాళ్ళం, నిండు సభలో ఒకరినొకరు అనకూడని మాటలనుకుని విడిపోయాం.

గుమ్మంలో నేనలా అంటే వాడేమన్నాడో నీకు చెప్పి ఉండడు. "కాళ్ళు తుడుచుకుని రా" అన్నాడు. అంతే.

భోజనాల బల్ల మీద చుట్టలు పరుచుకుని, చెరో భూతద్దం పట్టుకుని కూర్చునేవాళ్ళం. చాలా రోజులు ఎటూ తేలలేదు. ఒక మధ్యాహ్నం వాడొక చుట్ట చూస్తూ చూస్తూ ఆగిపోయాడు. తరంగం రావాల్సినదానికంటే ముందే వచ్చింది. అంటే కింద చల్లటి రాయి ఉన్నట్టే. వాడు నాతో ఆ మాట అనలేదు. చుట్టను మెల్లగా మడిచి, పక్కన పెట్టి, "ముందు తిందాం రా" అన్నాడు. నేను వాడి మొహం చూశాను. నామీద వాడు ఇన్నేళ్ళూ ఎదురుచూసిన గెలుపు అది. నేను ఆకలితో ఉండగా దాన్ని నా ముందు పెట్టడం వాడికి ఇష్టం లేకపోయింది.

తిన్నాం. గిన్నెలు వాడు కడిగాడు, నేను తుడిచాను. తర్వాత ఇద్దరం కలిసి చుట్ట విప్పి చూశాం.

గులకరాయీ, ఆ చల్లటి రాయి కిందికి దిగదని నేను ఎన్ని తరగతుల్లో బల్ల గుద్ది చెప్పానో. నేను చెబుతున్నంతసేపూ అది దిగుతూనే ఉంది. నాకు సిగ్గు వేస్తుందనుకున్నాను, కానీ అలా ఏమీ అనిపించలేదు. ఆ గీత మీద వేలు పెట్టి, "ఎంత బాగుందిరా" అన్నాను. వాడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

నిన్ను చూసి గర్వపడుతూ
నీ పెదనాన్న