లాండ్రీ దెయ్యాన్ని ఆస్పత్రి రికార్డుల నుంచి తొలగించుట గురించి

ఆస్పత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బేస్‌మెంటు లాండ్రీలో ఇస్త్రీ ఉద్యోగిని, అనగా నా భార్య, ఒంట్లో దెయ్యమున్నట్లు తమ కార్యాలయం వారు ముద్ర వేసి ధ్రువపరచుట, సదరు దెయ్యమును రద్దు చేయమని కోరుట.

తమ ఆస్పత్రిలో లిఫ్టు నడుపు నేను సవినయముగా మనవి చేయునదేమనగా, తమరు రోజూ నా లిఫ్టులోనే పైకి వెళ్తారు. ఫోను చూసుకుంటూ వెళ్తారు గనుక నా ముఖం గుర్తుండకపోవచ్చు. నా భార్య ముఖం అసలే తెలియదు. కానీ ఆమె ఇస్త్రీ చేసిన తెల్లకోటు తమ ఒంటి మీద ఉంటుంది. ఆ పాటి పరిచయం చాలునని తలచి ఈ కింది సంగతులు రాసుకుంటున్నాను.

1. నా భార్యకు కొంతకాలంగా పని మధ్యలో కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టు అవుతోంది. ఇంకెవరికీ రాని కాలిన వాసన ఆమెకు వస్తుంది. ఆ వెంటనే చూపు ఒకచోట నిలిచిపోతుంది. నోరు ఏదో నములుతున్నట్టు ఆడుతుంది, చేతులు ఎదుటి గుడ్డను పీకుతూ ఉంటాయి. పిలిస్తే పలకదు. కాసేపటికి తేరుకుని, ఏం జరిగిందని మనల్నే అడుగుతుంది. ఇస్త్రీ గదిలో కాలిన వాసన వస్తోందని ఒక మనిషి అంటే ముందు ఇస్త్రీపెట్టె చూడాలి, ఆ తర్వాత మనిషిని డాక్టరుకు చూపాలి. నెత్తిమీద ఇన్ని అంతస్తుల నిండా డాక్టర్లు ఉండగా లాండ్రీ మేస్త్రి గారు ఈ రెంటిలో ఏదీ చేయలేదు. దెయ్యమని తేల్చేశారు.

2. తేల్చుటకు వారికి దొరికిన ఆధారం ఒక ముడి. రోగి చనిపోయిన మంచం మీది దుప్పటికి వార్డు ఆయాలు ఒక మూల ముడి వేసి కిందికి పంపుతారు. మరిగే నీళ్లలో విడిగా ఉతకమని దాని అర్థం, అంతకుమించి ఏమీ లేదు. లాండ్రీ వారు మాత్రం పోయినవారి ఊపిరి ఆ ముడిలో ఉంటుందని నమ్ముతారు. ముడితోనే ఉతికి, ముడితోనే ఆరేసి, ఇస్త్రీబల్ల మీదికి తోసేసి చేతులు దులుపుకుంటారు. ముడి మీద ఇస్త్రీ నడవదు గనుక నా భార్య విప్పేది. విప్పింది కాబట్టి పట్టుకుందని మేస్త్రి గారి వాదన. ఆ దుప్పట్లను ఆమె బల్ల మీదికి తోయించింది తానేనన్న సంగతి ఆ వాదనలోకి రాలేదు.

3. తర్వాత వారు ఒక భూతవైద్యుణ్ణి పిలిపించారు. ఆయనను కిందికి దించింది నేనే. నాకు ముఖపరిచయం ఉన్న మనిషే. నెలనెలా బీపీ మాత్రల కోసం మన మందుల కిటికీ దగ్గర వరుసలో నిలబడతాడు. లాండ్రీకి అంటే ఎవరి బట్టల కోసమో అనుకున్నాను. తన బీపీకి మాత్ర, నా భార్య తలకు బెత్తం, ఇదీ ఆయన వైద్యం. దానికి తోడు పొగ వేశాడు. పొగకు ఫైర్ అలారం మోగింది. అది దెయ్యం పెట్టిన కేక అని ఆయన చెప్పగా, ఆ అలారం కింద రోజూ పనిచేసే మేస్త్రి గారు కూడా నమ్మి చెమటలు తుడుచుకున్నారు. పైన వార్డుల్లోని రోగులను సెలైను సీసాలతో సహా మెట్ల మీదుగా దించారు. ఇంతా అయ్యాక వైరింగు లోపమని తమ కార్యాలయం రాసుకుంది. లేని దెయ్యం ఉందని రాసిన చేత్తోనే ఉన్న పొగ లేదని రాశారు.

4. నేను ఆమెను నాలుగో అంతస్తుకు, నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. తలకు తీగలు అంటించి, మెదడు గీతలు తీసి చూశారు. డాక్టరమ్మ చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఇది మూర్ఛమ్మా. మూర్ఛంటే కిందపడి కొట్టుకోవడం ఒక్కటే కాదు. వాసన, భయం పుట్టే చోట మెదడులో కరెంటు కాసేపు అదుపు తప్పుతోంది. ఆ కాలిన వాసన గదిలో లేదు, నీ తల్లోనే పుడుతోంది. మాత్రలు ఒక్క పూట కూడా మానకు." ఆమె మానలేదు. చాలావరకు నెమ్మదించింది. తమ ఆస్పత్రిలో ఒక పని సవ్యంగా జరిగిందని రాయవలసి వచ్చినందుకు నాకే వింతగా ఉంది.

5. అటువంటి సమయంలో తమ ఉత్తర్వు దిగింది. "సదరు ఉద్యోగినిని ఆవహించిన శక్తి తొలగినట్లు ధ్రువీకరణ పత్రము సమర్పించు వరకు విధులకు హాజరు కారాదు" అని. ఆ పత్రం ఎవరివ్వాలో అందులో లేదు. దెయ్యమే వచ్చి సంతకం పెట్టాలా, వేలిముద్ర చాలునా, తెలియజేయగోరుతున్నాను. కింద సంతకం తమది. తమరు చదివి పెట్టారని నేననను. అంత నింద వేయడానికి నాకు మనసొప్పదు. చదవకుండానే పెట్టి ఉంటారు. నేను డాక్టరమ్మ రిపోర్టు తెచ్చి ఇస్తే, ఇది జబ్బుకు సంబంధించిన కాగితమనీ, తాము అడిగింది వేరనీ తమ గుమాస్తా గారు తిప్పి పంపారు. ఆస్పత్రిలో కూర్చుని ఆ మాట అన్నారు. నవ్వకుండా అన్నారు.

6. ఇక అసలు బాధ. ఉద్యోగం సంగతి తర్వాత. అంతవరకు మేస్త్రి మాటలను నా భార్య నవ్వి కొట్టిపారేసేది. ఆ ఉత్తర్వు చదువుకున్నాక నవ్వడం మానేసింది. "ఆస్పత్రివాళ్లే ముద్ర వేసి రాసిచ్చారు కదా, వాళ్లకి తెలీదా?" అంది. డాక్టర్ల మాత్రలు దెయ్యానికి మేత అని భూతవైద్యుడు పొగ వేసిన రోజే హెచ్చరించిన మాట అప్పుడు తలకెక్కించుకుంది. మాత్రలు ఆపేసింది. కొద్దిరోజులకే వంటింట్లో పెద్ద మూర్ఛ వచ్చి పడిపోయింది. నాలుక కొరుక్కుంది, గడ్డం చీలింది. ఇలా మాత్రలు మానుతూ పోతే ఈసారి మనిషి దక్కకపోవచ్చని డాక్టరమ్మ నాతో విడిగా చెప్పింది. తనలో ఉన్నది ఎక్కడ మా పాపకు అంటుకుంటుందోనని నా భార్య పిల్లను దగ్గరికి రానివ్వడం లేదు. పాప ఇప్పుడు మా అక్క ఇంట్లో ఉంటోంది. రోజూ బడి నుంచి వస్తూ మా కిటికీ దగ్గర ఆగుతుంది. తల్లి లోపల, పిల్ల బయట నిలబడి మాట్లాడుకుంటారు. అయ్యా, అర్జీలో ఏడవకూడదని నాకు తెలుసు. కానీ నాకు ఏడుపొస్తోంది. నేను ఎంత చెప్పినా అది లిఫ్టువాడి మాట. తమరిది ముద్ర ఉన్న మాట.

కావున, నా భార్యకు ఉన్నది మూర్ఛ అను జబ్బే గాని దెయ్యం కాదని తమ సంతకంతో ఒక కాగితం ఇప్పించి, పాత ఉత్తర్వు రద్దు చేయవలెను. నరాల డాక్టరమ్మను ఒక్కసారి లాండ్రీకి పంపి, అందరి ఎదుట ఆ మాట చెప్పించవలెను. లాండ్రీ తన పరిధి కాదనీ, తమ అనుమతి ఉంటే తప్పక వస్తాననీ ఆమె అన్నారు. భూతవైద్యుణ్ణి ఎవరి అనుమతీ లేకుండా కిందికి దించిన లిఫ్టు, డాక్టరును దించడానికి తమ అనుమతి కోసం ఆగి ఉంది. మేస్త్రి గారిని శిక్షించమని కోరను. ఆయనకు తెలియదు. తమరు ఇన్ని చదువులు చదివారు, నా కోపమంతా తమ మీదే.

పై విషయములన్నీ ముందు చదివి, ఆ తర్వాతే చిత్తగించవలెను.

ఇట్లు,
తమను రోజూ పైకి చేర్చు తమ విధేయుడు,
లిఫ్టు ఆపరేటరు

తా.క.: మడిచే ముందు దీన్ని నా భార్యకు చదివి వినిపించాను. అంతా విని, "అంత పెద్దాయన సంతకం పెడితే పోతుందంటావా?" అని మాత్రం అడిగింది. ఇంతసేపూ దెయ్యం లేదని రాసుకొచ్చినవాణ్ణి, పోతుందని చెప్పాను. ఆ మాట మీద పొద్దుటి మాత్ర వేసుకుంది. తమ సంతకం మీద నాకు నమ్మకం లేదు, అది ఎలాంటి కాగితాల మీద పడుతుందో చూశాను. ఆమెకుంది. అందుకని దయచేసి కాస్త స్పష్టంగా పెట్టండి, ముద్ర వంకర లేకుండా వేయించండి. రాత్రి మాత్ర వేళకు అది ఆమె చేతిలో పెట్టాలి.