నోట్లో పెట్టుకోవద్దన్న మాట

అక్కకు నమస్కారాలు. నేను కులాసా.

పోయిన కార్డులో అమ్మ మోకాళ్ళ నొప్పులకు వచ్చే సోమవారం నుంచి మూడు రోజులు నీళ్ళ మీద ఉండమని రాశాను. అది వద్దు, మానిపించు.

ఇక్కడ టైలరు భార్యకూ అదే చెప్పాను. మూడో రోజు కళ్ళు తిరిగి కుట్టుమిషను పక్కన పడిపోయింది. బీపీ మాత్రలు కూడా మానేసిందని ఆసుపత్రిలో తెలిసింది. ఎందుకు మానావమ్మా అంటే, "నీళ్ళు తప్ప ఏదీ నోట్లో పెట్టుకోవద్దన్నారుగా! మాత్ర నోట్లో కాక ఎక్కడ పెట్టుకుంటానండీ?" అంది. ఆమె ఏ పూట ఏం తిన్నదీ నా పుస్తకంలో రాసి ఉంది. ఏ మందు వాడుతోందో మాత్రం అడిగిన పాపాన పోలేదు. "వైద్యం ఎవరిది?" అని డాక్టరమ్మ అడిగితే టైలరు వెనక్కి జరిగాను. టైలరే "మా డాక్టరుగారు వీరేనండీ" అంటూ నన్ను మర్యాదగా ముందుకు జరిపాడు. చెంపదెబ్బయినా అంత తగిలేది కాదు. టైలరు భార్య ఇప్పుడు లేచి తిరుగుతోంది.

గది ముందు బోర్డు దించేశాను. ప్రకృతి వైద్యం మీద మక్కువ పోలేదు. ఈసారి కాలేజీలో చేరి నేర్చుకుంటాను. పెట్టె అడుగున నా చదువు సర్టిఫికెట్లుంటాయి, బావగారితో పంపించు. వంటింటి కుళాయి బాగయిందా? 'మా తమ్ముడు డాక్టరు' అని నలుగురిలో అనకు. పిల్లలకు దీవెనలు.

అమ్మ ఏయే మాత్రలు వేసుకుంటోందో వెంటనే రాయి. కన్నకొడుకునై ఉండి ఆ మాట నేనింతవరకూ అడగలేదు.

నీ తమ్ముడు