చీర లోపలివైపు

లింబాయత్, సూరత్
8 ఆగస్టు 2021

నా బంగారు బిడ్డ నవతా,

ఫోన్ చేస్తే మీ అమ్మ గుంజుకుంటుంది, అందుకే ఉత్తరం. నువ్వు హైదరాబాదులో కూర్చుని గీసిన బొమ్మ, ఇక్కడ సూరత్‌లోని వేసు ఏరియాలో అంత గొప్ప హోటల్ అయిందా తల్లీ! ఆ లైట్లేంది, ఆ గోడలేంది! జనం మాస్కులు దించి మరీ ఫోటోలు దిగుతున్నారు. ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి, "ఇదంతా మా బిడ్డ చేసిందే" అని చెప్పి వచ్చాను. తిండి సంగతి మాత్రం అడగకు. చాటంత పళ్లెంలో గోరంత పనీరు ముక్క. మీ అమ్మ, "గింతేనా? పా, ఇంటికి పోయి అన్నం వండుత" అని లేచింది.

ఒక్క పొరపాటు దొరికింది. పెద్ద గోడ మీది జరీ చీరను పనివాళ్లు తిరగేసి కట్టారు. దారాలు, ముడులు అన్నీ బయటికే! నీ పరువు పోతుందని నేనే నిచ్చెన ఎక్కి తిప్పి కట్టాను. మేనేజర్ వద్దన్నాడు. "ముప్పై ఏండ్లు మగ్గం నడిపినోన్ని, నాకే చెప్తవా?" అన్నాను.

మురిసిపోతున్న మీ బాపు,
రాజనర్సు

హైదరాబాద్
13 ఆగస్టు

ప్రియమైన బాపూ,

ఫోన్‌లో అయితే అరుస్తాను, అందుకే నేనూ రాస్తున్నాను. అది పొరపాటు కాదు, కావాలనే అలా కట్టించాను! ఇరవై రెండున హోటల్ యజమాని సేఠ్ తన ముంబయి భాగస్వాములను తీసుకొస్తున్నాడు. ఆ గోడ నచ్చితేనే అక్కడి హోటల్ పని నాకు ఇస్తారు. జ్వరం తగ్గి వారమే అయింది, నేను రాలేను. దండం పెడతాను, మళ్లీ తిప్పు. తిప్పాక కాసేపు దాని ముందు కూర్చో.

కోపంగా ఉన్నా నీ బిడ్డనే,
నవత

లింబాయత్
23 ఆగస్టు

నా తల్లీ నవతా,

తిప్పాను. కూర్చున్నాను. ఒళ్లు ఝల్లుమంది బిడ్డా! జరీ చీరను మగ్గం మీద బోర్లానే నేస్తాం కదా. ముప్పై ఏళ్లు పొద్దంతా నేను చూసింది ఈ వైపే. మెరిసే వైపును కొట్లో ఎవరో చూసేవారు. మగ్గం పక్కన కూర్చుని చదువుకున్న నీకు గుర్తుంది, నేసిన నాకే గుర్తు లేదు.

ముంబయి వాళ్లు, "యే ఉల్టా క్యోఁ హై, కాకా?" అని, చీర తిరగేసి ఎందుకుందని అడిగారు. "మీకు ఉల్టా, మాకు గిదే సీదా" అన్నాను. ఒక్కో ముడి మీద వేలు పెట్టి, తెగిన పోగును ఎట్లా కలుపుతామో చూపించాను. వాళ్ల పళ్లేలు చల్లారిపోయాయి. అసలు ఆ తిండి వేడిగా ఉన్నా అంతేలే.

పని నీదేనట, సేఠ్ నా చేయి పట్టుకుని చెప్పాడు! పొద్దున్నే కార్ఖానాకు పోయి, నా మగ్గం నడుపుతున్న సోమలింగానికి చెప్పాను: "అరేయ్, ముడి జర సక్కగ ఎయ్యి. గిప్పుడు జనం మన దిక్కే సూస్తున్నరు."

నేల మీద కాలు నిలవని
మీ బాపు